ఈ-రీడరా, టాబ్లెట్టా? ముందు మీ ఫైళ్లు తెరిచి చూడండి

అందరికీ నమస్కారం.

ఈ-రీడర్ (కాగితంలాంటి తెరతో పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం) కొనాలా, టాబ్లెట్ కొనాలా అని ఆలోచించేవాళ్లు చాలామంది పరికరాల దగ్గర మొదలుపెడతారు. ఏది తేలిక, దేని తెర పెద్దది, దేని బ్యాటరీ ఎక్కువ రోజులొస్తుంది అని పట్టిక వేసుకుంటారు. పట్టిక వేసుకోవడం మంచిదే గానీ అది రెండో పని. మొదటి పని మీ పుస్తకాలను చూసుకోవడం. గత ఏడాదిలో మీరు తెర మీద చదివినవి, చదవాలని దింపుకుని పక్కన పెట్టినవి కలిపి ఒక ఇరవై పేర్లు కాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కన ఆ ఫైలు ఏ రకమో రాయండి. ఈపబ్బా, పీడీఎఫ్ఫా, లేక ఫలానా దుకాణం యాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోనిదా? ఈ జాబితా చెప్పినంత సూటిగా మీకు ఏ సమీక్షా చెప్పదు. ఎందుకో వివరంగా చూద్దాం.

చదివే ఫైళ్లు ప్రధానంగా రెండు జాతులు. ఒకటి పారే పాఠం. ఈపబ్ ఇలాంటిది, అమెజాన్ ఈ-రీడర్ కిండిల్ సొంత ఫైళ్లూ చాలావరకు ఇలాంటివే. వీటిలో పేజీ అంటూ ముందే గీసిపెట్టి ఉండదు. అక్షరాలు, పేరాలు, శీర్షికలు వరసగా ఉంటాయి, తెర ఎంత వెడల్పుంటే అంతలో సర్దుకుంటాయి. అక్షరం పెద్దది చేస్తే పేజీల సంఖ్య పెరుగుతుంది, అంతకుమించి ఏమీ చెడదు. రెండోది గడ్డకట్టిన పేజీ. పీడీఎఫ్ అంటే ఇదే. ఏ అక్షరం కాగితం మీద ఎక్కడుండాలో మిల్లీమీటర్ల లెక్కన అందులో స్థిరపడిపోయి ఉంటుంది. అక్షరం ఒక్కటే పెద్దది కాదు, పేజీ మొత్తం పెద్దదవుతుంది. అప్పుడు అంచులు తెర బయటికి పోతాయి.

ఇప్పుడు కొలతలు చూద్దాం. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. ఆరంగుళాల ఈ-రీడర్ తెర దాదాపు 91 వెడల్పు, 122 పొడవు. ఏ4 పేజీ మొత్తం అందులో పట్టాలంటే 41 శాతానికి కుదించాలి. అసలు పేజీలో 11 పాయింట్ల అక్షరం ఉంటే తెర మీద నాలుగున్నర పాయింట్లకు పడిపోతుంది. మందుసీసా మీద చీటీ చదివినట్టుంటుంది. ఏడంగుళాల తెరలో 48 శాతం. ఎనిమిదింపావు అంగుళాల చిన్న టాబ్లెట్లలో 55 దాకా వస్తుంది. 10.9 అంగుళాల ఐప్యాడ్‌లో 75 శాతం, అంటే ఎనిమిది పాయింట్ల పైచిలుకు. అది మామూలు కళ్లకు చదవదగ్గ పరిమాణం. నోట్సు రాసుకునే పెద్ద ఈ-రీడర్లున్నాయి కదా, 10.2 అంగుళాలవి, వాటిలో దాదాపు 70 శాతం. 13.3 అంగుళాల ఈ-రీడర్లో 90 దాటుతుంది.

ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మీరు ఎక్కువగా చదివే రకం పీడీఎఫ్ నుంచి ఒక మామూలు పేజీ తీసుకోండి. ప్రింటు పెట్టేచోట స్కేలు అని ఉంటుంది. అక్కడ 41 అని కొట్టి ఒకసారి, 75 అని కొట్టి ఒకసారి ప్రింటు తీయండి. రెండు కాగితాలూ మీరు రోజూ కూర్చునే చోట, రోజూ ఉండే వెలుతురులో, పుస్తకం పట్టుకునే దూరంలో పెట్టి నాలుగు పేరాలు చదవండి. రెండు కాగితాల ఖర్చుతో తేలిపోయే విషయం ఇది. తెలుగు అయితే ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. మన అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి. కుదించినప్పుడు ముందు కలిసిపోయేవి అవే. ఇంగ్లీషులో ఆరు పాయింట్లకు ఎలాగో నెట్టుకురావచ్చు గానీ తెలుగులో ఆ పరిమాణానికి థకారానికీ ధకారానికీ తేడా కనిపించదు.

జాబితాలో పీడీఎఫ్‌లు ఎక్కువున్నాయని చూసి వెంటనే ఈ-రీడర్ వద్దనుకోకండి. ఆ పీడీఎఫ్ లోపల ఏముందో తెలుసుకోవాలి. కంప్యూటర్లో దాన్ని తెరిచి ఒక వాక్యం మీద మౌస్‌తో గీసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేయండి. మూడింట్లో ఒకటి జరుగుతుంది.

వాక్యం వాక్యంలాగే వస్తే, గుణింతాలు అక్కడక్కడా చెదిరినా సరే, అది నిజమైన యూనికోడ్ పాఠం, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత సంకేతం ఉన్న పాఠం. కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని ఈపబ్‌గా మార్చుకునే అవకాశం ఉంది. మార్చాక కొన్ని తప్పులు సరిచేయాల్సి వస్తుంది. పేజీ నంబర్లు, పైన ప్రతి పేజీలోనూ వచ్చే పుస్తకం పేరు పాఠం మధ్యలో చొరబడతాయి. పంక్తి చివర తెగిన మాటలు తెగినట్టే ఉంటాయి. కథలు, నవలలు, వ్యాసాలు బాగానే మారతాయి. పట్టికలు, గణితం, పద్యం కింద ప్రతిపదార్థం ఇచ్చిన పుస్తకాలు మారవు. వాటి మీద సమయం పోగొట్టుకోకండి.

రెండో రకం: తెర మీద చక్కని తెలుగు కనిపిస్తుంది, పేస్టు చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, అర్థంలేని గందరగోళం వస్తుంది. అది యూనికోడ్‌కు ముందటి ఫాంట్లతో, అను ఫాంట్ల వంటి వాటితో, కూర్చిన పుస్తకం. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గదిలో తెలుగు ముక్క బొమ్మ పెట్టారు. ఫైలుకు తెలిసింది ఇంగ్లీషు అక్షరమే, కంటికి కనబడేది తెలుగు. కాలిబర్‌లో మారిస్తే ఆ గందరగోళమే పుస్తకమవుతుంది. ఇలాంటి ఫైల్లో తెలుగు మాట కొట్టి వెతికినా దొరకదు. ఆ ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలున్నాయి, కానీ పుస్తకం మొత్తం మళ్లీ ప్రూఫు చూడాల్సిందే.

మూడో రకంలో అసలు వాక్యం మీద గీతే పడదు. అది స్కాను, అంటే ఫొటోల కట్ట. పాత తెలుగు పుస్తకాలు డిజిటల్‌గా దొరికితే ఎక్కువగా ఇలాగే దొరుకుతాయి కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. స్కాన్ ఫైలుతో ఈ-రీడర్‌కు రెండు కష్టాలు. పేజీ చిన్నదవడం ఒకటి. తిప్పగానే పేజీ రాకపోవడం రెండోది. ఈ-రీడర్లో ప్రాసెసరు చిన్నది, జ్ఞాపకశక్తి తక్కువ. జేపెగ్ 2000 పద్ధతిలో కుదించిన స్కాన్లను విప్పడానికి దానికి సెకన్లు పడుతుంది. టాబ్లెట్టుకు అది లెక్కలోకి రాదు.

అయినా మార్గాలున్నాయి. ముందుగా అంచులు కత్తిరించండి. ఏ4 పేజీకి చుట్టూ 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే అసలు పాఠం వెడల్పు 160 మాత్రమే. అంచులు తీసేసి, ఈ-రీడర్‌ను అడ్డంగా తిప్పితే, 122 మిల్లీమీటర్ల వెడల్పులో 160 పట్టాలి. అంటే 76 శాతం. 41 నుంచి 76కు వచ్చాం. ఒక్కో పేజీ చదవడానికి రెండు మూడు సార్లు కిందికి జరపాలి, అంతే. కేటూపీడీఎఫ్‌ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ కత్తిరింపులన్నీ మీ తెర కొలతకు చేసి కొత్త పీడీఎఫ్ ఇస్తుంది. రెండు కాలమ్‌ల పేజీలను ఒక్క కాలమ్‌గా విడదీస్తుంది. స్కాన్‌లో మాటల బొమ్మల్ని కూడా కోసి చిన్న తెరకు వరసలు మళ్లీ పేర్చగలదు. కాకపోతే స్కాన్ నిటారుగా, శుభ్రంగా ఉండాలి. పేజీ వంకరగా ఉంటే వరసలు మధ్యకు తెగిపోతాయి. కోబో, పాకెట్‌బుక్ వంటి ఈ-రీడర్లలో కేఓరీడర్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే ఈ పనులు అక్కడికక్కడే చేస్తుంది. వెలిసిపోయిన స్కాన్‌కు నలుపు ఎక్కించే మీట కూడా అందులో ఉంది. వేసవిలో ఆరేసిన కాగితంలా పసుపెక్కిన పేజీలకు అదొక్కటే పెద్ద మేలు.

స్కాన్‌ను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ తెలుగుకూ ఉంది. టెసరాక్ట్ ఉంది, గూగుల్ డ్రైవ్‌లో డాక్స్‌గా తెరిచినా చేస్తుంది. శుభ్రమైన అచ్చుకు బాగానే వస్తుంది. సీసపు అక్షరాల కాలంనాటి అచ్చుకు ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి. ఒక పుస్తకాన్ని నలుగురి కోసం బాగుచేయాలనుకుంటే ఆ శ్రమ విలువైనదే. ఒక్కసారి చదివి పక్కన పెట్టే పుస్తకానికైతే టాబ్లెట్ తీసుకుని స్కాన్‌నే చదువుకోండి.

మరి పారే పాఠం దగ్గర తెలుగుకు ఇబ్బంది లేదా? ఉంది. తెలుగు అక్షరాలను పక్కపక్కన పేరిస్తే సరిపోదు, ఒత్తు కిందికి దిగాలి, గుడి తలకట్టును తోసుకుని కూర్చోవాలి. ఆ పని చేసే భాగం ఈ-రీడర్ సాఫ్ట్‌వేర్లో లేకపోతే రాష్ట్రం అన్న మాట ‘రాష్‌ట్‌రం’ అని పొల్లులతో నిలబడుతుంది. ఫాంటే లేకపోతే ఖాళీ పెట్టెలు వస్తాయి. కాబట్టి ఒక చిన్న పరీక్ష ఫైలు తయారుచేసుకోండి. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, వాఙ్మయం అని ఐదు మాటలు రాసి ఈపబ్‌గా మార్చి, కొనబోయే పరికరంలో తెరిచి చూడండి. పెట్టెలు వస్తే మందు సులువు. కిండిల్, కోబోలను కంప్యూటర్‌కు తగిలించి, వాటిలో ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో నోటో సెరిఫ్ తెలుగు ఫాంటో, మండలి ఫాంటో వేస్తే సరి. పొల్లులు వస్తే ఫాంటు మార్చినా లాభం లేదు, చదివే ప్రోగ్రామే మారాలి. కేఓరీడర్‌లో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి తెలుగు సరిగా వస్తుంది. పంక్తుల మధ్య ఖాళీ ఇంగ్లీషుకు పెట్టినదానికంటే ఒక మెట్టు పెంచండి. లేకపోతే పైపంక్తి ఒత్తు కిందిపంక్తి గుడిని తాకుతుంది.

ఇక తెర సంగతి. ఈ-ఇంక్ తెరలో మనిషి వెంట్రుక మందమంత సన్నని గుళికలు లక్షల కొద్దీ ఉంటాయి. ఒక్కో గుళికలో తేటద్రవం, అందులో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. రెండింటికీ వ్యతిరేక విద్యుదావేశం. కింద నుంచి వోల్టేజీ పెడితే ఒక రంగు పైకి తేలుతుంది, రెండోది అడుక్కు దిగుతుంది. తేలినది, మళ్లీ వోల్టేజీ మార్చేదాకా అక్కడే ఉంటుంది. అందుకే పేజీని పట్టి ఉంచడానికి తెరకు కరెంటు అక్కర్లేదు, తిప్పినప్పుడు మాత్రమే కావాలి. 1997లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్ నుంచి బయటికి వచ్చినవాళ్లు ఈ-ఇంక్ సంస్థ పెట్టారు. 2004లో సోనీ లిబ్రియే అనే ఈ-రీడర్ జపాన్‌లో వచ్చింది, 2007 నవంబరులో మొదటి కిండిల్. ఆ కిండిల్‌లో అంగుళానికి 167 చుక్కలు, నాలుగే నలుపు ఛాయలు. ఇప్పుడు మామూలు ఈ-రీడర్లో అంగుళానికి 300 చుక్కలు, పదహారు ఛాయలు. పాతది ఎవరో ఇస్తామంటే ఈ అంకె ఒక్కటి అడగండి. 167 మీద తెలుగు చదవడం కష్టం.

రేణువులు ద్రవంలో ఈదాలి కాబట్టి తెర నిదానం. పూర్తి ఛాయలతో ఒక పేజీ మారడానికి అర సెకనుకు దగ్గరగా పడుతుంది. ఈ ఒక్క కారణానికే స్క్రోలింగ్, వీడియో, వేళ్లతో సాగదీసి పెద్దది చేయడం అన్నీ ఈ-రీడర్లో విసుగు తెప్పిస్తాయి. అది పరికరం చెడిపోవడం కాదు, దాని స్వభావం. ఇంకొకటి, పాత పేజీ నీడ. కొన్ని రేణువులు పూర్తిగా కదలక వెనకటి పేజీ లీలగా కనబడుతుంది. దీన్ని ఘోస్టింగ్ అంటారు. అందుకే అప్పుడప్పుడూ తెర మొత్తం నల్లగా మెరిసి శుభ్రమవుతుంది. ఎన్ని పేజీలకోసారి మెరవాలో సెట్టింగుల్లో పెట్టుకునే వీలు చాలావాటిలో ఉంటుంది. నవల చదివేటప్పుడు అధ్యాయానికి ఒకసారి చాలు. బొమ్మలున్న పీడీఎఫ్‌కు ప్రతి పేజీకీ పెట్టండి.

రంగుల ఈ-ఇంక్ గురించి తొందరపడకండి. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న కలైడో 3 తెర అంటే నలుపు-తెలుపు తెర మీద పరిచిన రంగుల జల్లెడ. నలుపు అక్షరానికి అంగుళానికి 300 చుక్కలు ఉంటాయి, రంగుకు 150 మాత్రమే. రంగులు 4,096. ఆ జల్లెడ వెలుతురును కొంత మింగేస్తుంది కాబట్టి తెర తెలుపు కాస్త బూడిదగా ఉంటుంది. దీపం ఎక్కువ పెట్టుకోవాలి, ఆ మేరకు బ్యాటరీ తగ్గుతుంది. పుస్తకాల అట్టలు, గీతలు గీసుకున్న రంగులు, పటాలు చూడటానికి పనికొస్తుంది. పిల్లల బొమ్మల పుస్తకం, రంగుల కామిక్, శరీరనిర్మాణ శాస్త్రం చదవాలంటే టాబ్లెట్టే సరైనది. చదివేది తొంభై శాతం నవలలే అయితే నలుపు-తెలుపు తెరే మేలని నా అభిప్రాయం.

కళ్ల గురించి అందరూ అడుగుతారు. ఈ-రీడర్లో దీపం తెర అంచున ఉండి తెర ఉపరితలం మీదికి పరుచుకుంటుంది, కాగితం మీద పడ్డట్టు వెనక్కి తిరిగొస్తుంది. టాబ్లెట్లో వెలుగు తెరలోంచి నేరుగా కంట్లోకి వస్తుంది. ఎండలో ఈ తేడా పెద్దది. ఎంత ఎండుంటే ఈ-ఇంక్ అంత స్పష్టం, టాబ్లెట్ అద్దంలా మీ ముఖం చూపిస్తుంది. గదిలో మాత్రం, తేడాను జనం అనుకున్నంత పెద్దది చేసి చెప్పను. తెర నీలికాంతి కంటిని దెబ్బతీస్తుందనడానికి ఆధారం లేదని అమెరికా కంటివైద్యుల అకాడమీ చెబుతోంది. కళ్లు మండేది ఎక్కువగా రెప్ప వేయడం తగ్గడం వల్ల, దగ్గరి వస్తువు మీద గంటలకొద్దీ చూపు నిలపడం వల్ల. అది ఏ పరికరంతోనైనా జరుగుతుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమన్నది వాళ్ల సలహానే.

టాబ్లెట్ వెలుగు సరిపెట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతి. తెర పక్కన తెల్లకాగితం పెట్టండి. తెరలోని తెలుపు కాగితం తెలుపంత అయ్యేదాకా వెలుగు తగ్గించండి. రాత్రి గదిలో మామూలు కనిష్ఠం కూడా ఎక్కువనిపిస్తే, ఐప్యాడ్‌లో యాక్సెసిబిలిటీ కింద తెలుపు తీవ్రత తగ్గించే మీట ఉంది, ఆండ్రాయిడ్ 12 నుంచి ఎక్స్‌ట్రా డిమ్ ఉంది. ఓఎల్ఈడీ తెరలు కొన్ని వెలుగు తగ్గించినప్పుడు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. కొందరికి దానితో తలనొప్పి వస్తుంది. అలాంటివాళ్లు ఎల్‌సీడీ తెర చూసుకోవాలి.

నిద్ర విషయంలో చెప్పదగ్గ పరిశోధన ఒకటుంది. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో 2015లో అచ్చయింది. 12 మంది నిద్రకు ముందు నాలుగేసి గంటలు ఐదు రాత్రుల పాటు ఐప్యాడ్ మీద, మరో ఐదు రాత్రులు కాగితం పుస్తకం చదివారు. ఐప్యాడ్ రాత్రుల్లో నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు ఆలస్యమైంది. గమనించండి, ఐప్యాడ్ వెలుగు పూర్తిగా పెంచి, గది మసకగా ఉంచి చేసిన పరీక్ష అది. వెలుగు తగ్గించి అరగంట చదివేవాళ్లకు ఆ అంకెను అలాగే అంటగట్టకూడదు.

బ్యాటరీ గురించి ఒక్క లెక్క. ఈ-రీడర్ డబ్బా మీద ఆరు వారాలు అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో రోజుకు అరగంట చదివితే, వైర్‌లెస్ ఆపితే అని ఉంటుంది. 42 రోజులు, రోజుకు అరగంట అంటే 21 గంటలు. పన్నెండు వారాలంటే 42 గంటలు. టాబ్లెట్ సుమారు పది గంటలు. అంటే చదివే గంటల్లో తేడా రెండింతల నుంచి నాలుగింతలు. పెద్ద తేడా చదవని రోజుల్లో ఉంది. పక్కన పడేసిన ఈ-రీడర్ వారం తర్వాతా సిద్ధంగా ఉంటుంది, టాబ్లెట్ ఛార్జరు అడుగుతుంది. నెలల తరబడి వాడకపోతే మాత్రం దేన్నైనా సగం ఛార్జితో పెట్టండి, సున్నాకు దించి వదిలేస్తే లిథియం బ్యాటరీ చచ్చిపోతుంది.

బరువు చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఆరంగుళాల ఈ-రీడర్ 160 గ్రాముల దరిదాపుల్లో, ఏడంగుళాలది 210, చిన్న ఐప్యాడ్ 300, పెద్ద టాబ్లెట్ 480. పడుకుని చదివేవాళ్లకు ఈ వరుసే నిర్ణయం చేసేస్తుంది. కీళ్లనొప్పులున్నవాళ్లు పేజీ తిప్పడానికి పక్కన మీటలున్న ఈ-రీడర్ చూడండి, బొటనవేలు కదిపితే చాలు.

ఇప్పుడు నాకు బాగా పట్టింపు ఉన్న విషయానికి వస్తున్నాను. పరికరం కొంటున్నామనుకుంటాం గానీ, చాలాసార్లు ఒక దుకాణాన్ని కొనుక్కుంటాం. ఫలానా దుకాణంలో కొన్న పుస్తకానికి డీఆర్ఎం తాళం ఉంటే అది ఆ దుకాణం ఒప్పుకున్న చోటే తెరుచుకుంటుంది. 2009 జులైలో అమెజాన్ హక్కుల గొడవ వచ్చిన రెండు నవలలను పాఠకుల కిండిల్స్ నుంచి దూరం నుంచే తీసేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు డబ్బు వెనక్కి ఇచ్చింది, పుస్తకాలు మాత్రం పోయాయి. 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దింపి యూఎస్‌బీతో ఎక్కించుకునే దారిని అమెజాన్ మూసేసింది. ఎవరినీ తిట్టడానికి చెప్పడం లేదు. తాళం ఉన్న పుస్తకం మీ అలమరలో ఉన్నట్టు కాదని తెలిసి కొనండి. తాళం లేకుండా అమ్మే ప్రచురణకర్తలు దొరికినప్పుడు వాళ్ల దగ్గరే కొనండి.

ఆచరణలో ఇలా ఉంటుంది. కోబో, పాకెట్‌బుక్ ఈపబ్‌ను నేరుగా తెరుస్తాయి. కోబోలో ఫైలును కెపబ్ అనే కోబో సొంత రకంలోకి మార్చుకుంటే పేజీలు ఇంకా చురుగ్గా తిరుగుతాయి, కాలిబర్‌లో దానికి ప్లగిన్ ఉంది. కిండిల్‌లోకి ఈపబ్‌ను యూఎస్‌బీతో కాపీ చేస్తే జాబితాలో కనిపించదు. చాలామంది పరికరం పాడైందనుకునేది ఇక్కడే. సెండ్ టు కిండిల్ అనే అమెజాన్ సేవ ద్వారా పంపాలి, 2022 నుంచి అది ఈపబ్ తీసుకుంటోంది. ఈమెయిల్‌తో అయితే 50 మెగాబైట్ల వరకు, వెబ్‌సైట్‌లో 200 వరకు. లేదా కాలిబర్‌తో ఏజడ్‌డబ్ల్యూ3 అనే కిండిల్ ఫైలు రకంగా మార్చి యూఎస్‌బీతో వేయండి. కొన్ని దుకాణాలు ఏసీఎస్ఎం అనే చిన్న ఫైలు ఇస్తాయి. అది పుస్తకం కాదు, పుస్తకం దింపుకోవడానికి అనుమతి చీటీ. అడోబీ డిజిటల్ ఎడిషన్స్‌లో తెరిస్తే పుస్తకం వస్తుంది. టాబ్లెట్‌లో ఈ తలనొప్పి తక్కువ. ఏ దుకాణానికి ఆ యాప్ వేసుకుంటే సరిపోతుంది. మీ ఇరవై పేర్లు నాలుగు దుకాణాల్లో చెల్లాచెదురుగా ఉంటే టాబ్లెట్ వైపు అది గట్టి కారణం.

టాబ్లెట్ మీద చదువు ఎందుకు తెగిపోతుందో మీకు తెలుసు. దానికి నిగ్రహం బోధించను, మీటలు చెబుతాను. ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్ పెట్టండి. చదివే యాప్‌లో ఐప్యాడ్ పైమీటను (హోమ్ మీట ఉన్నవాటిలో దాన్ని) మూడుసార్లు నొక్కితే ఇంక ఆ యాప్ నుంచి తేలిగ్గా బయటికి పోలేరు. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ అదే పని చేస్తుంది. పుస్తకాలు దింపుకున్నాక విమానం మోడ్ పెట్టండి. ఈ మూడూ పెట్టినా నోటిఫికేషన్ కోసం చెయ్యి వెళ్తోందంటే, పారే పాఠమే ఎక్కువ చదివేవారైతే, విడిగా ఒక ఈ-రీడర్ కొనడానికి అదొక్కటే చాలినంత కారణం.

విరగడం గురించి హెచ్చరిక. ఈ-రీడర్ పైపొర ప్లాస్టిక్ కాబట్టి గట్టిదనిపిస్తుంది. లోపల ట్రాన్సిస్టర్లు పరిచిన పలక చాలావాటిలో పలుచని గాజు. సంచిలో ఛార్జరు దాన్ని నొక్కితే, మంచం మీద దాని మీద కూర్చుంటే లోపలి గాజు చిట్లుతుంది. బయట గీత కూడా ఉండదు, కానీ తెరలో సగం పేజీ కదలకుండా నిలిచిపోతుంది, అడ్డగీతలు వస్తాయి. బాగుచేయడమంటే తెర మార్చడమే. గట్టి ముఖపు కవరు తప్పనిసరి. ఎండలో ఆపిన కారులో ఏదీ వదలకండి, కిండిల్‌కైనా ఐప్యాడ్‌కైనా పనిచేసే ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే రాసి ఉంటుంది.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

*ప్రశ్న: ఆండ్రాయిడ్ నడిచే ఈ-ఇంక్ పరికరాలున్నాయి కదండీ, ఆనిక్స్ బూక్స్ లాంటివి. అవి కొంటే రెండూ కలిసొచ్చినట్టేనా?*

సగం కలిసొస్తాయి. అన్ని దుకాణాల యాప్‌లూ ఈ-ఇంక్ మీద చదవొచ్చు, తెలుగు కూర్పు ఆండ్రాయిడే చూసుకుంటుంది. కానీ ఆ యాప్‌లు జారే తెరల కోసం రాసినవి. పేజీ తిప్పే యానిమేషన్ ఆపండి, స్క్రోల్ కాకుండా పేజీ పద్ధతి పెట్టండి, యాప్‌కు యాప్‌కు వేరుగా తెర మారే వేగం (రిఫ్రెష్) సరిచేసుకోండి. వెనక ఆండ్రాయిడ్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ మామూలు ఈ-రీడరంత రాదు. సెట్టింగులతో కుస్తీ పట్టే ఓపిక ఉన్నవారికి మంచి వస్తువు. అమ్మానాన్నలకు కొనిచ్చేదైతే వద్దు.

*ప్రశ్న: చదివేటప్పుడు గీతలు గీసి, నోట్సు రాసుకునే అలవాటు నాది. అవి బయటికి తీసుకోవచ్చా?*

కిండిల్‌లో గీసినవన్నీ మై క్లిప్పింగ్స్ అనే మామూలు పాఠం ఫైల్లో చేరతాయి, యూఎస్‌బీ పెట్టి తెచ్చుకోవచ్చు. కోబోలో ఒక డేటాబేస్ ఫైల్లో ఉంటాయి, కాలిబర్ ప్లగిన్‌తో తీయాలి. పీడీఎఫ్ మీద పెన్నుతో రాసేవారైతే టాబ్లెట్టే హాయి. రాసింది పీడీఎఫ్‌లోనే ఉండిపోతుంది, ఎక్కడ తెరిచినా కనిపిస్తుంది.

*ప్రశ్న: వాడిన ఈ-రీడర్ తీసుకుందామనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?*

ముందు అమ్మేవారి ఖాతా తీసేయించండి, మీ కళ్ల ముందే ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. ఆ తర్వాత మీ ఖాతాతో నమోదవుతుందో లేదో అక్కడే చూడండి. పోయిందని ఎవరైనా ఫిర్యాదు చేసిన పరికరం నమోదు కాకపోవచ్చు. చీకటి గదిలో తెల్ల పేజీ తెరిచి దీపం సగానికి పెట్టండి. సూదిమొనలాంటి వెలుగు చుక్కలుంటే పైపొర గుచ్చుకుందన్నమాట. ఒక మూల మసకగా ఉంటే అంచు దీపం ఒకటి పోయింది. వరసగా ఇరవై పేజీలు తిప్పి ఎక్కడైనా గీత కదలకుండా నిలిచిందేమో చూడండి. ఛార్జి శాతం రాసిపెట్టుకుని, దీపం అలాగే ఉంచి అరగంట చదవండి. రెండు మూడు శాతం తగ్గితే బ్యాటరీ బాగున్నట్టు. పది శాతం పడిపోతే ఆ బ్యాటరీ సుమారు ఐదు గంటలకే ఆగిపోతుంది. బ్యాటరీ మార్పించే ఖర్చు తెలుసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.